మాదిరి పరీక్ష మార్కు తీర్పు కాదు

నల్లగొండ, దేవరకొండ, మర్రిగూడ వైపు నుంచి పట్నం వెళ్లే బస్సులు ఇమ్లీబన్‌లోని మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో ఆగుతాయి. అక్కడ దిగి మూసీ ఒడ్డున కాస్త దూరం నడిస్తే అఫ్జల్‌గంజ్ వస్తుంది. నయాపూల్ దాటకముందే, పాతబస్తీ గడపలో ఉస్మానియా ఆసుపత్రి, దానికి దగ్గరలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉన్నాయి. జిల్లా జనానికి ఈ కళాశాల కొత్తదేమీ కాదు. పన్ను నొప్పితో దవడ వాచి, తలకు తువ్వాలు చుట్టుకుని, తెల్లవారుజామున మొదటి బస్సెక్కే ముసలీ ముతకా చేరేది అక్కడికే. 1959 నుంచి నడుస్తున్న కళాశాల అది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు తెలంగాణ వాటాకు వచ్చిన ప్రభుత్వ దంత కళాశాల అదొక్కటే.

పళ్ల విషయంలో నల్లగొండ జిల్లా కథ అందరికీ తెలిసిందే. బావి నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువై పాలపళ్లు ఊడి వచ్చిన కొత్త పళ్లే పసుపుపచ్చగా, గోధుమరంగు చారలతో వచ్చిన తరాలు మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఉన్నాయి. పన్ను చిగురులో తయారవుతున్న వయసులోనే ఆ దెబ్బ తగులుతుంది గనుక తర్వాత ఎంత తోమినా మచ్చ పోదు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని 1970లలో నాగ్‌పూర్ పరిశోధన సంస్థవారు రూపొందించినప్పుడు దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారంటే జిల్లా పేరు ఏ విధంగా దేశమంతా పాకిందో చెప్పనక్కరలేదు. అటువంటి జిల్లా నుంచి ఒక ఆడపిల్ల "నేను పళ్ల డాక్టర్నయిత" అంటే ఆ మాటలో బరువుంది. నవ్వడానికి నోరు తెరవని అక్కలను, అమ్మను చూసి అన్న మాట అది.

ఆ మాట అన్న పిల్లకు అడ్డంగా నిలుచున్నది నీట్ పరీక్ష. దానికంటే ముందు అడ్డం వస్తున్నది మరొకటి ఉంది. అదే వారం వారం పెట్టే మాదిరి పరీక్ష, దానిలో వచ్చే మార్కు.

ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఇలాంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. ఇంటర్ బైపీసీ అయిపోయిన బిడ్డను పట్నంలో లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేర్చుతారు. అందుకోసం ఎకరమో అరెకరమో కుదువ పెడతారు, లేదా పత్తి పైసలు వచ్చినప్పుడు ఇస్తామని షావుకారు దగ్గర తెస్తారు. ఆదివారం సాయంత్రం కాగానే తండ్రి సెల్‌ఫోన్‌కు సంస్థ నుంచి ఒక సందేశం వస్తుంది. 720కి 372. రాష్ట్రంలో ఉన్న వారి శాఖలన్నిటిలో కలిపి ర్యాంకు ఇంత. తండ్రికి జీవకణం తెలియదు, ఓమ్ నియమం తెలియదు. ఆ అంకె ఒక్కటే తెలుస్తుంది. ఫోన్ చేస్తాడు. "పోయిన వారం నాలుగువందలు దాటినయి గద బిడ్డా, ఈ వారం ఏమైంది?" అవతల నుంచి జవాబు రాదు. అక్కడ హాస్టల్ గోడ మీద అప్పటికే జాబితా అంటించి ఉంటుంది.

చిక్కంతా ఈ అంకె దగ్గరే ఉంది. మాదిరి పరీక్ష చెడ్డదని ఎవరూ అనరు. ఈత నేర్చుకోవాలంటే నీళ్లలోకి దిగాల్సిందే. అయితే వ్యవసాయాధికారి మట్టి పరీక్ష చేసి ఇచ్చే కార్డు ఎందుకు? ఏ ఎరువు తక్కువైందో చూసుకోవడానికి. ఆ కార్డు పట్టుకుని "నీ భూమి పనికిరాదు, అమ్ముకో" అనే అధికారి ఎక్కడా ఉండడు. మాదిరి పరీక్ష కాగితం విషయంలో మాత్రం సరిగ్గా అదే జరుగుతోంది.

ఒకే మార్కు, రెండు తలరాతలు

మార్కు అంటే ఏమిటో తెలియాలంటే అసలు పరీక్షనే చూడవచ్చు. 2024లో జరిగిన నీట్‌లో 650 మార్కులు వచ్చిన విద్యార్థి జాతీయ ర్యాంకు దాదాపు 30 వేలు. మరుసటి ఏడాది, 2025 మే 4న జరిగిన పరీక్షలో 650కి పైన మార్కులు వచ్చినవారు దేశం మొత్తం మీద 73 మందే. ఆ ఏడు మొదటి ర్యాంకు మార్కులే 686. భౌతికశాస్త్రం ప్రశ్నలు కఠినంగా వచ్చాయి, పిల్లలు దిగాలు పడి బయటికి వచ్చారు. ఇంటికొచ్చి లెక్క చూసుకుని, నిరుటి మార్కులతో పోల్చుకుని, ఇక అయిపోయిందనుకున్న వారిలో ఎందరికో తర్వాత మంచి ర్యాంకులు వచ్చాయి.

అర్హత మార్కుల సంగతీ అంతే. జనరల్ కేటగిరీలో అర్హతకు 2022లో 117 మార్కులు చాలాయి. 2023లో 137, 2024లో 162 కావలసి వచ్చింది. 2025లో 144కి దిగింది. అంటే 150 మార్కులు తెచ్చుకున్న జనరల్ విద్యార్థి 2024లో అర్హుడు కాడు, 2025లో అర్హుడు. చదువు అంతే, మార్కులు అంతే. మారింది ప్రశ్నపత్రం, ఎదుట కూర్చుని రాసినవారి సత్తువ. అర్హత గీత మార్కుల మీద గీసింది కాదు. జనరల్ వారికి 50 పర్సంటైల్, బీసీ, ఎస్సీ, ఎస్టీ వారికి 40 పర్సంటైల్ అని రాసినవారి సంఖ్యను బట్టి గీసేది. 2025లో బీసీ, ఎస్సీ, ఎస్టీ వారికి 113 మార్కుల దాకా అర్హత దక్కింది.

దేశమంతా ఒకే రోజున, ఒకే ప్రశ్నపత్రం మీద, ఇరవై లక్షల మందికి పైగా రాసే పరీక్ష మార్కే ఏడాదికేడాదికి ఇంత అర్థం మారుతుంటే, ఒక ప్రైవేటు సంస్థ తన గదిలో తయారు చేసుకున్న పేపర్‌లో వచ్చిన 372కి ఏ అర్థం చెప్పాలి? దేనితో పోల్చి చెప్పాలి? ఆ పేపర్ తేలికగా ఉందా, కఠినంగా ఉందా, గట్టి పిల్లలు ఎందరు రాశారు అన్నది తెలియకుండా ఆ అంకె చూసి ఏడవడం గానీ ఎగరడం గానీ తెలివైన పని కాదు.

పేపర్ ఎలా చేయాలన్నది చేసేవారి చేతిలో ఉన్నదన్న సంగతి కూడా మరవరాదు. అడ్మిషన్ల రోజుల్లో పేపర్ మెత్తగా ఉంటే పిల్లలకు మార్కులు దండిగా వస్తాయి, తల్లిదండ్రులు పొంగిపోతారు. మరో 'ప్రత్యేక బ్యాచ్' అమ్మవలసిన రోజుల్లో పేపర్ గట్టిపడితే మార్కులు పడిపోతాయి, తల్లిదండ్రులు బెదిరి అదనపు రుసుము కడతారు. అందరూ అలా చేస్తారని కాదు. చేసినా కనిపెట్టే ఏర్పాటు మాత్రం లేదు. తూకపురాళ్లను తనిఖీ చేయడానికి తూనికలు కొలతల శాఖ ఉంది. పిల్లలను తూచే ఈ రాళ్లను తనిఖీ చేసేవారు లేరు.

అన్న చెప్పిన లెక్క తమ్ముడికి పనికిరాదు

మన పల్లెల్లో ఇంకో ఇబ్బంది ఉంది. పరీక్షల గురించి చెప్పేవారంతా ఎంసెట్ నాటివారు. 1986లో మొదలైన ఎంసెట్ మూడు దశాబ్దాల పాటు వైద్య, దంత వైద్య ప్రవేశాలకు దారి. దానిలో 160 ప్రశ్నలు, 160 మార్కులు. తప్పు రాస్తే కోత లేదు. గంట కొట్టేలోగా మిగిలిన గడులన్నీ ఏదో ఒకటి నింపి రమ్మని ఇన్విజిలేటర్ దగ్గర నుంచి అన్నదాకా అందరూ చెప్పేవారు. అప్పటికి అది సరైన సలహాయే.

ఆ తర్వాత వచ్చిన గందరగోళం తక్కువేమీ కాదు. 2013లో ఒకసారి నీట్ పెట్టారు. అదే ఏడు జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును కోర్టే వెనక్కు తీసుకుంది. ఆ ఏడు తెలంగాణ పిల్లల అవస్థ చెప్పనలవి కాదు. మేలో ఎంసెట్ రాశారు. వైద్య సీట్ల కోసం జూలైలో ఎంసెట్-2 రాశారు. ఆ పేపర్ ముందే బయటికి పొక్కిందని తేలి రద్దయింది. సెప్టెంబరు 11న ఎంసెట్-3 రాశారు. ఏ పరీక్షకు ఏ తీరున సాధన చేయాలో గురువులకే అంతుపట్టని సంవత్సరమది. 2017 నుంచి ఎంబీబీఎస్‌కైనా బీడీఎస్‌కైనా నీట్ ఒక్కటే.

నీట్ లెక్క వేరు. 180 ప్రశ్నలు. జీవశాస్త్రం 90, భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత, వదిలేస్తే సున్నా. 2021 నుంచి 2024 వరకు 200 ప్రశ్నలిచ్చి 180 రాయమనేవారు, 2022 నుంచి 200 నిమిషాలు ఇచ్చేవారు. 2025లో ఆ వెసులుబాటు తీసేశారు. 180 ప్రశ్నలకు 180 నిమిషాలే. పైగా 2024 పరీక్ష నుంచి పాఠ్యాంశాల్లో కొన్ని అధ్యాయాలు తొలగించారు.

ఇవన్నీ ఎందుకు చెప్పుకోవాలంటే, కోఠీ పాత పుస్తకాల దుకాణాల్లో అగ్గువకు దొరుకుతున్నాయని పాత ప్రశ్నపత్రాల పుస్తకం కొనుక్కుని, గడియారం పెట్టుకుని రాసి, వచ్చిన మార్కు చూసి గుండె జారవేసుకునే పిల్లలు ఉన్నారు. ఆ పుస్తకంలో తొలగించిన అధ్యాయాల ప్రశ్నలు ఉంటాయి. 200 ప్రశ్నల పేపర్లు ఉంటాయి. ముందుగా వాటిని పెన్సిలుతో కొట్టివేసి, మిగిలినవాటికే సమయం, మార్కు లెక్కించుకోవాలి. పుస్తకం పాతదైతే దోషం లేదు. లెక్క పాతదైతేనే దోషం.

తెలియని ప్రశ్నకు గడి నింపాలా వద్దా అని ప్రతి ఇంట్లో వాదన నడుస్తుంది. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెడితే, 40 ప్రశ్నల్లో సగటున 10 ఒప్పవుతాయి, 30 తప్పవుతాయి. 40 వచ్చి 30 పోతే మిగిలేది 10. అంటే కాస్త లాభమే. కానీ సగటు అనేది సగటే. ఆ రోజు 8 మాత్రమే ఒప్పయితే 32 వచ్చి 32 పోతాయి, చేతికి సున్నా. 6 అయితే 24 వచ్చి 34 పోతాయి, పది మార్కులు ఎదురు పెట్టుకున్నట్టే. అదే, చదివిన చదువుతో నాలుగింటిలో రెండు జవాబులు కావని గట్టిగా తెలిసి, మిగిలిన రెండిట్లో ఒకటి పెడితే, 40లో 20 ఒప్పు, 20 తప్పు. 80 వచ్చి 20 పోయి 60 మిగులుతాయి. ధైర్యం చేయవలసింది ఇక్కడ. గుడ్డి గవ్వలాటకూ దీనికీ తేడా పిల్ల తెలుసుకునేది మాదిరి పరీక్షలోనే. కాబట్టి ప్రశ్నపత్రం మీద తాను ఊహించి పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన ఒక చుక్క పెట్టుకుని, తర్వాత ఆ చుక్కల్లో ఎన్ని ఒప్పయ్యాయో లెక్క చూసుకోవాలి. ఐదారు పరీక్షలు గడిచేసరికి తన ఊహ ఎంత నిక్కమో తనకే తెలుస్తుంది. గోడ మీద అంటించే జాబితాలో ఈ సంగతి ఉండదు.

మార్కు వెనుక ఏముంది?

372 అనే అంకెలో అసలు సమాచారం లేదు. అది వచ్చిన దారిలో ఉంది. ఒక పిల్ల 150 ప్రశ్నలు రాసి 110 ఒప్పు చేస్తే 440లో 40 పోయి 400 వస్తాయి. మరో పిల్ల 130 మాత్రమే రాసి 108 ఒప్పు చేస్తే 432లో 22 పోయి 410 వస్తాయి. జాబితాలో రెండో పిల్ల పైన, మొదటి పిల్ల కింద. నిజానికి ఇద్దరి రోగాలూ వేరు. మొదటిది తొందరపడుతోంది. రెండోది నిదానంగా ఉండి యాభై ప్రశ్నలు ముట్టుకోనేలేదు. ఇద్దరికీ "ఇంకా బాగా చదవాలి" అని ఒకటే మందు రాసిస్తే అది వైద్యం కాదు.

తప్పులు విడదీసి చూసుకోవడమే మాదిరి పరీక్ష వల్ల కలిగే అసలు లాభం. పాఠమే తెలియక పోయిన తప్పు ఒక రకం. దానికి పుస్తకం తెరవాలి. తెలిసీ 'కానిది ఏది' అన్న ప్రశ్నను 'అయినది ఏది' అని చదివి చేసిన తప్పు మరో రకం. దానికి ఎన్ని పుస్తకాలు తెరిచినా ప్రయోజనం లేదు, ప్రశ్న కింద గీత గీసి చదివే అలవాటు కావాలి. సమయం చాలక వదిలినవి వేరు. ఇక 57వ ప్రశ్న జవాబు 58వ గడిలో దిద్ది, అక్కడి నుంచి వరసంతా తప్పిపోయిన విషాదం కూడా ఉంటుంది. నీట్‌ను కాగితం మీద, నల్ల బాల్ పెన్‌తో ఓఎంఆర్ పత్రం దిద్ది రాయించారు కాబట్టి ఈ ప్రమాదం చిన్నది కాదు. సెల్‌ఫోన్‌లో వేలితో నొక్కి సాధన చేసిన పిల్లకు గడి దిద్దడానికి పట్టే సమయమే తెలియదు. 180 గడులు నింపడానికే కొన్ని నిమిషాలు పోతాయి.

తెలిసిన ప్రశ్నను తప్పు చేస్తే పోయేది 4 మార్కులు కాదు, 5. రావలసిన నాలుగు రావు, ఉన్న ఒకటి పోతుంది. అటువంటివి పది చేస్తే 50 మార్కులు. 50 మార్కులంటే ఎంతో 2025 ఫలితాలే చెబుతాయి. ఆ ఏడు 600కి పైన ఉన్నవారు దేశంలో దాదాపు 1,300 మంది. 550కి పైన ఉన్నవారు దాదాపు 12 వేల మంది. ఆ మధ్య ఉన్న పదివేల పైచిలుకు మందిని దాటడానికి కొత్త అధ్యాయం ఒక్కటీ చదవనక్కరలేని పిల్లలు ఎందరో ఉండి ఉంటారు. చదివింది జారవిడవకుండా ఉంటే చాలు.

ఒక పరీక్ష మార్కు చూసి ఏమీ తేల్చరాదు. రాత్రి దోమలు కుట్టినా, హాస్టల్‌లో సాంబారు పులిసినా ముప్పై నలభై మార్కులు అటూ ఇటూ అవుతాయి. పూర్తి పాఠ్యప్రణాళిక మీద రాసిన చివరి ఐదారు పరీక్షలను పక్కపక్కన పెట్టి, అతి తక్కువది ఎంత, అతి ఎక్కువది ఎంత అని చూస్తే పిల్ల ఎక్కడుందో కొంత తెలుస్తుంది. ఒకే అధ్యాయం మీద పెట్టిన వారపు పరీక్షను ఈ లెక్కలో కలపరాదు. ఒకసారి రాసిన పేపర్‌నే మళ్లీ రాస్తే వచ్చే మార్కునూ కలపరాదు. అది జ్ఞాపకానికి వచ్చిన మార్కు.

వేళ కూడా చూసుకోవాలి. నీట్ మధ్యాహ్నం రెండు గంటలకు మొదలైంది, గేటు ఒకటిన్నరకే మూసేవారు. మే నెల ఎండలో, అన్నం తిన్న మగతలో, మూడు గంటలు కదలకుండా కూర్చోవాలి. తెల్లవారుజామున ఐదింటికి చల్లగా లేచి రాసిన మాదిరి పరీక్షలో వచ్చిన మార్కు ఈ ఎండకు నిలుస్తుందని చెప్పలేం. ఇంటి దగ్గర ఉండి చదివే పిల్ల ఆదివారం రెండు నుంచి ఐదు దాకా రాయాలి. ఆ మూడు గంటలు "బర్రెకు గడ్డి వెయ్యి, తలుపు తియ్యి" అని పిలవకుండా ఉండటం ఇంట్లోవారి వంతు. ఫీజు కట్టడం కంటే ఇదే పెద్ద సాయం.

భాష సంగతి ఒక మాట. 2017 నుంచి నీట్ తెలుగులోనూ ఉంది, 2018 నుంచి ఉర్దూలోనూ ఉంది. తెలుగు కోరుకున్నవారికి ఇచ్చే పుస్తకంలో ఇంగ్లీషు కూడా పక్కన ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పల్లె పిల్లకూ, పాతబస్తీ గల్లీలో ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లకూ ఇది ఒకే రకం సాయం. కానీ కోచింగ్ సంస్థల మాదిరి పేపర్లు చూడబోతే అన్నీ ఇంగ్లీషే. ప్రశ్న అర్థం కాక పోయిన మార్కులనూ పాఠం రాక పోయిన మార్కులనూ ఒకే అంకెలో కలిపేసి పిల్ల మొహాన పెడుతున్నారు. పట్టించుకున్నవారు లేరు.

దంత వైద్యానికి దారి వేరు

బీడీఎస్ కోరుకునే పిల్లలకు జరుగుతున్న నష్టం మరొకటి ఉంది. సంస్థల కరపత్రాలన్నీ ఎంబీబీఎస్ సీటు దగ్గరే ఆగిపోతాయి. "ఇన్ని మార్కులు రాకపోతే లాభం లేదు" అని తరగతిలో చెప్పే అంకె ప్రభుత్వ ఎంబీబీఎస్ సీటు అంకె. పళ్ల డాక్టరు కావాలనుకున్న పిల్ల కూడా ఆ అంకెనే తనకు అన్వయించుకుని, డిసెంబరు నాటికే పుస్తకం మూసేస్తోంది. పరీక్ష ఒకటే, ర్యాంకు ఒకటే అయినా కౌన్సెలింగ్‌లో బీడీఎస్ జాబితా ఎంబీబీఎస్ ముగిసిన చోటు దాటి చాలా కిందిదాకా పోతుంది. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం సీట్ల కేటాయింపు జాబితాలు ప్రకటిస్తూ వచ్చింది. ఏ కళాశాలలో ఏ కేటగిరీకి చివరి సీటు ఏ ర్యాంకుకు పోయిందో అందులో ఉంటుంది. రెండు మూడేళ్ల జాబితాలు తెచ్చుకుని చూసుకుంటే అఫ్జల్‌గంజ్ కళాశాల ఎంత దూరంలో ఉందో, నార్కట్‌పల్లిలోని ప్రైవేటు దంత కళాశాల ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. పోల్చుకోవలసింది ర్యాంకుతో. పక్క మంచం పిల్ల మార్కుతో కాదు.

2020–21లో దేశంలో ఏడువేలకు పైగా బీడీఎస్ సీట్లు భర్తీ కాక మిగిలిపోతే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అర్హత పర్సంటైల్‌ను 10 తగ్గించి చేర్చుకోమని ఆదేశించింది. అర్హత రాలేదని ఇంట్లో కూర్చున్న పిల్లలకు ఆ ఏడు మళ్లీ పిలుపు వచ్చింది. సీట్లు మిగలడం చూసి సంబరపడనక్కరలేదు. ప్రైవేటు కళాశాలల రుసుములు భరించలేక, నాలుగేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ అయ్యాక కొలువు దొరుకుతుందో లేదో అన్న సంశయంతో వెనకాడినవారే ఎక్కువ. మండల ఆసుపత్రుల్లో పళ్ల డాక్టర్ల పోస్టులు పెంచకుండా ఈ సంశయం తీరదు. అదొక పెద్ద కథ. అయినా, ప్రభుత్వ సీటు కోసం చదివే పిల్లను ఒక మాదిరి మార్కు చూపించి మధ్యలో దింపేయడం అన్యాయమే.

ఆ గోడ మీద జాబితా గురించి కూడా చెప్పుకోవాలి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. సంస్థ పెట్టే పరీక్షల ఫలితాలను బహిరంగపరచరాదు, గోప్యంగా ఉంచి పిల్ల ప్రగతిని పరిశీలించడానికి వాడాలి, వెనకబడ్డ పిల్లకు ధైర్యం చెప్పే ఏర్పాటు ఉండాలి అని అందులో ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక బాలిక మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానుకోవాలని చెప్పింది. ఈ మాటలు హాస్టల్ గోడల దాకా ఎంతవరకు వచ్చాయో బిడ్డను చూడబోయిన తల్లిదండ్రులే చూడవచ్చు. జాబితా కనిపిస్తే తీసేయమని అడిగే హక్కు ఫీజు కట్టినవారికి ఉంది. "మీరు అడిగితే మా పిల్లను ఇంకా వెనక్కి నూకుతరు" అని భయపడేవారు నలుగురు కలిసి అడగవచ్చు. ఒక ఊరి నుంచి నలుగురు పిల్లలు ఒకే చోట చదువుతున్న రోజులివి.

అఫ్జల్‌గంజ్‌లోనే, దంత కళాశాలకు ఎంతో దూరంలో లేదు, 1891లో స్థాపించిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఆసఫియా లైబ్రరీ అని పాతవారు పిలిచేది దాన్నే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు అక్కడ బల్లల దగ్గర కూర్చుని చదువుకుంటారు. వారి పక్కన కూర్చున్నవారు ఏ పరీక్షకు చదువుతున్నారో, ఎన్ని మార్కులు వచ్చాయో అడిగేవారు లేరు. ఇంత నిశ్శబ్దం జిల్లా కేంద్రంలోనూ, మండల కేంద్రాల్లోనూ కూడా ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. నీట్ పాత ప్రశ్నపత్రాలు, జవాబులు పరీక్ష పెట్టే సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడుతూ వచ్చారు. కాన్పూర్ ఐఐటీతో కలిసి కేంద్ర విద్యాశాఖ 2023లో 'సాథీ' పేరుతో ఉచిత శిక్షణ వేదిక తెచ్చింది. ప్రశ్నపత్రానికి కొరత లేదు. దాన్ని అచ్చు తీసి ఇచ్చేవారు, రాసిన తర్వాత పక్కన కూర్చుని ఏది ఎందుకు తప్పయిందో విడమరిచి చెప్పేవారే కరువు.

జిల్లాలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలు ఉన్నాయి. వాటిలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్లు ఉన్నారు, ఆదివారం ఖాళీగా పడి ఉండే గదులున్నాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నెలకు రెండు ఆదివారాలు, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు, పాత నీట్ పేపర్‌తో, తెలుగు ఇంగ్లీషు రెండూ ఉన్న ప్రశ్నపత్రంతో, ఓఎంఆర్ కాగితం మీద పరీక్ష పెట్టించవచ్చు. సోమవారం సాయంత్రం ఒక గంట తప్పుల మీద మాట్లాడుకోవచ్చు. దీనికి కావలసింది కాగితాల ఖర్చు, లెక్చరర్లకు కొద్దిపాటి గౌరవ వేతనం, గదికి రెండు ఫ్యాన్లు. జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి, కలెక్టరు ఈ విషయం పరిశీలించి వచ్చే జనవరిలోగా కనీసం మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ ప్రాంతాల్లోనైనా మొదలుపెట్టించాలి. జాబితా మాత్రం గోడకు అంటించవద్దు. ఎవరి కాగితం వారి చేతికి ఇస్తే చాలు.